గోడ నోరు, గోడ కాలు

వర్క్‌షాపు వెనక గది నుంచి

బావకు,

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, క్షమించు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో బడిలోనే సరిగా రాలేదు. ఇప్పుడు వెల్డింగు చేసి చేసి అరిగిన కళ్ళకి గీతలు కూడా రెండుగా కనబడుతున్నాయి. అర్థం కాకపోతే మా చెల్లి చేత చదివించుకో. ఫోను చెయ్యరాదా అంటావు. నీకు వినపడదు, నాకు నాలుగు మాటలు కలపడం రాదు. ఇద్దరం ఫోను పట్టుకుంటే రెండు స్తంభాలు మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

నా మోకాలు అలాగే ఉంది. పని అబ్బాయికి అప్పగించేశాను. సాయంత్రాలు వర్క్‌షాపు వెనక ఉన్న గ్రౌండుకి వెళ్లి బెంచీ మీద కూర్చుంటాను. అక్కడి గోల్ కమ్మీలు నేను వెల్డింగు చేసినవే. పిచ్చుక అక్కడే ఆడుతుంది. మా అబ్బాయి కూతురు. నువ్వు చూసినప్పుడు పాకుతోంది, ఇప్పుడు పిల్లల జట్టులో చోటు కోసం పోటీ పడుతోంది.

అది బంతిని తన్నిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, "ఎలా ఉంది తాతా?" అనేది. బాగుంటే తల ఊపేవాణ్ణి. లేకపోతే ఊపేవాణ్ణి కాదు. రోజు మొత్తం మీద నా మాటలు అవే. నాకు అవి చాలు.

ఇప్పుడు కొత్తగా ఒక కోచ్ అమ్మాయి వచ్చింది. మూడు కాళ్ళ స్టాండు మీద ఫోను పెడుతుంది. ఒక్కొక్క పిల్ల తన్నడం వీడియో తీస్తుంది. తరవాత దాన్ని నత్తలాగా నెమ్మదిగా నడిపించి చూపిస్తుంది. పక్కనే బాగా తన్నేవాళ్ళ వీడియో ఇంకొకటి పెట్టి, "నీ మోకాలు ఎక్కడుంది, ఆయన మోకాలు ఎక్కడుంది?" అని అడుగుతుంది. పిల్లలు ఈగల్లాగా మూగుతున్నారు.

పిచ్చుక ఇప్పుడు బంతిని తన్ని ఫోను దగ్గరికి పరిగెడుతోంది. నేను బెంచీ మీద తల ఊపడానికి సిద్ధంగా ఉంటాను. ఎవరూ అడగరు.

మూడు కాళ్ళున్నా దానికి బంతి తన్నడం రాదు బావా. అది ఏం నేర్పుతుంది?

పిచ్చుక బంతి అడ్డకమ్మీ మీద నుంచి పోతోంది. వెనక్కి వాలి కొట్టమని చెబుతున్నాను. వాలుతోంది. ఇంకా పైకి పోతోంది. ఇంకా వాలమంటున్నాను.

మా చెల్లిని అడిగినట్టు చెప్పు.

గోడ


బస్సు డిపో పక్క ఇల్లు, మేడ మెట్ల కింద నుంచి

గోడ బావకు,

నీ ఉత్తరం మీ చెల్లి చదివి వినిపించింది. వీధి చివర వాళ్ళకి కూడా తెలిసి ఉంటుంది, నాకు వినపడాలంటే ఆమాత్రం గొంతు ఎత్తాలి. "మూడు కాళ్ళున్నా తన్నడం రాదు" అన్న చోట ఆగిపోయి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మా అన్నయ్య ఫోనుని చూసి కుళ్ళుకుంటున్నాడు" అంది. నేను అనలేదు సుమా. ఆవిడే అంది.

బావా, ఎవరి బాగైనా చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నారంటే అర్థం ఉంది. నువ్వు జీవితమంతా నిప్పురవ్వల మధ్యే బతికినవాడివి, ఇంకా చాలలేదా? ఫోను దగ్గర చార్జింగు అయిపోతుంది. నీ దగ్గర అవ్వదు. ఓపిక పట్టు.

నేను బస్సు దిగి ఇన్నేళ్ళయినా, డిపోలో ఇంజను మోగితే కాలు దానంతట అదే క్లచ్చు కోసం వెతుకుతుంది. సాయంత్రాలు గేటు ముందు ఖాళీ స్థలంలో నడుస్తున్నాను. అంతకన్నా విశేషాలు లేవు.

ఒక్క మాట అడుగుతాను. పక్కన పెట్టి చూపిస్తారన్నావే, బాగా తన్నేవాళ్ళ వీడియో, అది ఎవరిదట? పిల్లలు ఏమంటున్నారు దాని గురించి? ఊరికే అడుగుతున్నాను. పిచ్చుకకి నచ్చిందా?

ఎడమకాలు


వర్క్‌షాపు వెనక గది నుంచి

బావకు,

కుళ్ళు కాదు. మా చెల్లికి అలా చెప్పు.

వీడియోలో ఎవరో ముసలాయన అట. ముఖం కనబడదు, మెడ నుంచి కిందకే. పిల్లలు "వీడియో తాత" అని పేరు పెట్టారు. నేను చూడలేదు. చూడను.

ఇంట్లో కూడా అదే జపం. మొన్న అన్నం దగ్గర పిచ్చుక, "వీడియో తాత చీలమండ ఎంత బిగించి పెడతాడో!" అంది. నేను మంచినీళ్ళు తాగాను. "వీడియో తాత మెత్తగా తన్నినట్టే ఉంటుంది, బంతి మాత్రం దూసుకుపోతుంది" అంది. నేను మళ్ళీ మంచినీళ్ళు తాగాను. మా కోడలు, "మామయ్యా, చెంబు ఖాళీ అయింది" అంది.

తరవాత పిచ్చుక నెమ్మదిగా, "తాతా, వీడియో తాత బంతి మీదకి వంగుతున్నాడు. నువ్వేమో వెనక్కి వాలమంటావు. ఏది రైటు?" అని అడిగింది.

నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. "నీకు తాత ఎవరు? నేనా, ఆయనా? ఎవరో ఒకరి మాటే విను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు" అన్నాను. నేను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం మా ఇంట్లో ఎవరూ వినలేదు. మా అబ్బాయి ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

పిచ్చుక కంచం తీసుకుని లేచిపోయింది. పొద్దున్న బూట్లు తీసుకుని వెళ్ళింది. రోజూ లేసులు నా చేత కట్టించుకునేది. ఆ రోజు తనే కట్టుకుంది.

అప్పటి నుంచి గ్రౌండుకి వెళ్ళడం లేదు. బంతి ఇంకా అడ్డకమ్మీ మీద నుంచే పోతోందని మా అబ్బాయి చెప్పాడు. ఇలా అయితే జట్టులోకి తీసుకోరట. పిల్ల నాకూ ఆ తాతకీ మధ్య సగం వాలి, సగం వంగి తంటాలు పడుతోందట.

ఆ ముసలాయన ఎవడో గాని, ఆయన ఇంట్లో మనవలు లేరా? మా ఇంటి పిల్లే దొరికిందా?

గోడ


మేడ మెట్ల కింద నుంచి

గోడ బావకు,

ఉత్తరం అందింది. ఈసారి మీ చెల్లి నవ్వలేదు.

పిల్లని అలా అనకుండా ఉండాల్సింది. అది నిన్ను వదిలి ఎక్కడికి పోతుంది?

ఒక్కసారి వెళ్ళి ఆ వీడియో చూడు బావా. చూడకుండా కోపం తెచ్చుకోవడం దేనికి? చూశాక నాకు రాయి. తిట్టాలనిపిస్తే తిడుతూనే రాయి.

చెయ్యి నొప్పిగా ఉంది, ఇంతటితో ఆపుతాను.

ఎడమకాలు


గ్రౌండు గేటు పక్క బెంచీ నుంచి

గౌరవనీయులైన వీడియో తాత గారికి,

చూశాను.

గ్రౌండు సామాన్ల గదిలో తెల్లగుడ్డ కట్టి, దాని మీద పెద్దగా వేస్తున్నారు. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లక కిటికీ దగ్గర నిలబడ్డాను.

వెనక ఒక గేటు, దాని మీద ఏదో రాసి ఉంది. చదవబోయాను. ఒక్క అక్షరమూ కూడబలుక్కోలేకపోయాను. నా చదువు ఇంతేలే, ఉన్నది కూడా మర్చిపోయానని సిగ్గుపడ్డాను.

అంతలో ఒక కాలు వచ్చింది. కుడికాలు. ఆనుకునే కాలు బంతి పక్కన పెట్టి, చీలమండ బిగించి, పాదం పైభాగంతో కొట్టింది. లేసు ముడి నడిమధ్య లేదు. బయటి పక్కకి ఉంది.

కుర్రతనంలో మనం పనిచేసిన షెడ్డు జట్టులో, బంతికి తగలకుండా ముడి పక్కకి వేసే అలవాటు నాది. ఇది నా కాలే అనుకున్నాను. ఎవరో చాటుగా నన్ను వీడియో తీశారనుకున్నాను. సిగ్గేసింది. దాచడమెందుకు, సంతోషం కూడా వేసింది. నేను బంతి తన్ని ఎన్నేళ్ళయిందో గుర్తురావడానికి కాసేపు పట్టింది.

పిచ్చుక కిటికీలోంచి నన్ను చూసి బయటికి వచ్చింది. "లోపలికి రా తాతా" అంది. ఆ అక్షరాలు ఏమిటని అడిగాను. "అవి ఎవరూ చదవలేరు తాతా. వీడియో తిరగేసి ఉంది. ఆయనది ఎడమకాలు. మాకందరికీ కుడికాలు కదా, అందుకని కోచ్ టీచర్ అద్దంలో లాగా తిప్పింది" అంది.

తిరిగి మామూలుగా పెట్టమన్నాను. పెట్టారు. అక్షరాలు కుదురుకున్నాయి. "డిపో. ప్రయాణికులకు లోపలికి ప్రవేశం లేదు."

కాలు ఎడమకాలైంది.

పిల్లలకి చెప్పలేదు. పిచ్చుకకీ చెప్పలేదు. బయటికి వచ్చి ఈ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

షెడ్డు జట్టులో ఉన్నప్పుడు చప్పట్లు నీకే. "ఎడమకాలు ఎడమకాలు" అని అరిచేవారు. నేను పక్కన నిలబడి వినేవాణ్ణి. మా చెల్లి కూడా ఆ ఎడమకాలు చూసే పెళ్ళికి సరేనంది. ఏనాడైనా ఒక్క మాట అన్నానా? నాకంటూ మిగిలింది ఒక బెంచీ, ఒక పిల్ల. అక్కడికీ నీ కాలు వచ్చిందా? ఎవరిదట, పిల్లలు ఏమంటున్నారు అని నన్నే అడుగుతావా?

మీరు ఇక ఉత్తరాలు రాయనక్కర్లేదు.

ఇట్లు,
బెంచీ మీద ముసలివాడు


మేడ మెట్ల కింద నుంచి

గోడ బావకు,

రాయొద్దన్నావు. నీ మాట నేను ఏనాడు విన్నాను గనక ఇప్పుడు వినడానికి? ఈ ఉత్తరం పూర్తిగా చదువు. ఆ మాట ఎందుకన్నానో చివరికి తెలుస్తుంది.

ఆ కోచ్ అమ్మాయి చదువుకునే రోజుల్లో మా మేడ మీద అద్దెకుండేది. డిపో ముందు పిల్లల బంతి దొర్లుకుంటూ వస్తే ఒకసారి తన్ని పంపాను. ఆ అమ్మాయి చూసింది. మర్నాడు ఫోను పట్టుకుని మెట్లు దిగింది. "మీ తన్ను వీడియో తీసుకుంటాను తాతగారూ" అంది. కుర్రాళ్ళు బోలెడు మంది ఉండగా నేనెందుకమ్మా అన్నాను. "కుర్రాళ్ళకి బలం ఎక్కువ. తప్పు బలం చాటున దాక్కుంటుంది. మీకు బలం లేదు, పద్ధతి ఒక్కటే మిగిలింది" అంది. పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నెమ్మదిగా నడిపించడం కూడా అక్కర్లేదు, మా ఆయన మామూలుగానే నత్త అని మీ చెల్లి సాయం చేసింది.

తరవాత ఆ అమ్మాయికి మీ ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేటప్పుడు, ఆ వీడియో ఎవరిదో అక్కడ చెప్పకమ్మా అన్నాను. ఎందుకో చెబుతాను, మనసు గట్టి చేసుకుని చదువు.

నీ ప్రతి ఉత్తరంలోనూ పిచ్చుకే. తిరిగి చూసింది, తల ఊపాను. తిరిగి చూసింది, తల ఊపాను. మా మనవలు ఫోను మీద బొటనవేళ్ళతో తప్ప ఆడరు. డ్రైవరు తాత బంతి ఆడేవాడంటే నమ్మరు. నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు అన్నం సహించేది కాదు. ఫోనుని చూసి నువ్వు కుళ్ళుకున్నావని నవ్వాను గాని, నీ బెంచీని చూసి నేను ఎప్పటి నుంచో కుళ్ళుకుంటున్నాను. నా పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, ఆ పిల్ల ఒక్కసారి నా కాలు చూస్తే చాలు అనుకున్నాను. నీ దగ్గర నుంచి లాక్కోవాలని కాదు. ఏమో, కాస్త అదే కూడా కావచ్చు.

ఇక రెండో సంగతి. ఇది ఇన్నేళ్ళుగా మింగలేక కక్కలేక ఉన్నాను.

బావా, నేను దేనితో రాస్తాను? కుడిచేత్తో. అన్నం? కుడిచేత్తో. మనిషంతా కుడివాటం అయినవాడికి ఒక్క కాలు మాత్రం ఎడమ ఎలా అయిందని ఏనాడైనా అనుమానం వచ్చిందా?

నేను షెడ్డు జట్టులో చేరిన కొత్తలో నువ్వు పని అయ్యాక ఒక్కడివే వెనక గోడకేసి బంతి కొట్టుకునేవాడివి. అందుకే గదా నీకు గోడ అని పేరు. నేను ఆ గోడ మీద కాళ్ళు వేలాడేసుకుని నీకు ఎదురుగా కూర్చునేవాణ్ణి. గోడ దిగి, చూసింది చూసినట్టు చేసేవాణ్ణి. నీ కాలు ఎటు కనబడితే నా కాలు అటు. నీ కుడి, ఎదురుగా చూసేవాడికి ఏ వైపు ఉంటుంది? నాకు తెలిసేటప్పటికి ఎడమకాలు నాటుకుపోయింది. ముడి కూడా నిన్ను చూసి వేసుకున్నదే. చప్పట్లు కొట్టిన వాళ్ళందరూ అద్దానికి కొట్టారు. ఆ అమ్మాయి వీడియో తిరగేసింది చూడు, అప్పుడు అసలు మనిషి బయటపడ్డాడు. అది నీ కాలే అనుకున్నావు గదా, తప్పేం అనుకోలేదు.

ఇంకొకటి. అప్పట్లో మన షెడ్డు మేస్త్రీ చెబితే నువ్వు నాకు నేర్పబోయావు, గుర్తుందా? "వెనక్కి వాలి కొట్టు" అన్నావు. వాలాను. బంతి పోయి రేకుల కప్పు మీద పడింది. మళ్ళీ వాలమన్నావు. మళ్ళీ రేకుల మీదే. మేస్త్రీ నన్ను పక్కకి పిలిచి, "ఒరేయ్, గోడ నోరు వినకు, గోడ కాలు చూడు" అన్నాడు. కొత్తగా చేరిన ప్రతివాడికీ జట్టులో చెప్పే మొదటి మాట అదే. నీ ఒక్కడికే తెలియదు. నువ్వు తన్నేటప్పుడు వెనక్కి వాలవు బావా. వాలుతున్నానని అనుకుంటావు.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటావా? నువ్వు రోజంతా మాట్లాడేది నాలుగు ముక్కలు. అందులో ఒకటి తప్పని ఎలా చెప్పను?

పిచ్చుక బంతి పైకి పోతోందని రాసిన రోజే నాకు కారణం తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. చెబితే వీడియో సంగతి బయటపడుతుందని నోరు నొక్కుకున్నాను. పిల్ల చోటు పోగొట్టుకుంటే ఆ పాపం నాది.

నా మీద కోపం నా మీదే ఉంచుకో. వెళ్ళి ఆ మూడు కాళ్ళదాని ముందు నిలబడు. ఒక్కసారి తన్ను.

ఎడమకాలు కాని ఎడమకాలు


గ్రౌండు గేటు పక్క బెంచీ నుంచి

బావకు,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నానని మా కోడలు అంది. నీ మీద కోపం పోలేదు. ముందు అది రాస్తున్నాను.

మూడో రోజు గ్రౌండుకి వెళ్ళి, "నన్నూ తియ్యి" అన్నాను. కోచ్ అమ్మాయి స్టాండు నా వైపు తిప్పింది. పిచ్చుక వచ్చి నా ముందు కూర్చుని లేసులు కట్టింది. ముడి పక్కకి వేసింది.

తన్నాను. మోకాలు కలుక్కుమంది. బంతి గోల్ దాకా దొర్లుకుంటూ వెళ్ళింది, అంతే. పిల్లలు మర్యాదకి చప్పట్లు కొట్టారు.

సామాన్ల గదిలో తెల్లగుడ్డ మీద వేశారు. నెమ్మదిగా నడిపించారు. బావా, బంతిని తాకే వేళకి నా ఛాతీ బంతి మీద ఉంది. బావిలోకి తొంగి చూసేవాడిలా ఉన్నాను. వెనక్కి వాలడం మచ్చుకైనా లేదు. మళ్ళీ వెయ్యమన్నాను. వేసింది. ఈసారైనా వాలతానేమోనని చూశాను. వాలలేదు.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"పిచ్చుకా, నా మాట వినకు" అన్నాను.

అది నా మొహం చూసి, "ఇన్నాళ్ళకి నోరు విప్పి నాకు చెప్పిన మంచిమాట ఇదా తాతా?" అంది. అప్పుడు అందరూ నవ్వారు.

"కాలు చూడు" అన్నాను.

బయటికి వెళ్ళాం. మళ్ళీ తన్నబోయాను. పిల్ల చూద్దామని వచ్చి నాకు సరిగ్గా ఎదురుగా నిలబడింది. "ఎదురుగా నిలబడకు! పక్కకి రా, పక్కకి!" అని కేక పెట్టాను. గ్రౌండు అవతల వాళ్ళు కూడా తిరిగి చూశారట. ఎందుకని పిల్ల అడిగింది. "మీ డ్రైవరు తాతకి అయినట్టు అవుతుంది" అన్నాను. అలా నీ సంగతి నా నోటితోనే బయటపడింది. వీడియో తాత మా చుట్టమే అని పిల్లలందరికీ తెలిసిపోయింది. పిచ్చుకకి ఇప్పుడు ఒకటే గర్వం. చూడలేక చస్తున్నాను.

పిచ్చుక తన్నిన మొదటి బంతి అడ్డకమ్మీకి తగిలి ఖంగుమంది. నా వెల్డింగు ఊడలేదు. తరవాతది కమ్మీ కిందకి దిగింది. ఆ తరవాతదీ దిగింది.

పిచ్చుక తిరిగి ఫోను దగ్గరికే పరిగెత్తింది. నాకు మళ్ళీ కుళ్ళు మొదలైంది. నీ దగ్గర దాచేదేముంది. అది స్టాండుతో సహా ఫోనుని ఎత్తుకుని, మూడు కాళ్ళూ వేలాడుతుండగా నా బెంచీ దగ్గరికి తెచ్చింది. పక్కన కూర్చుని, వీడియో నడిపించి, "ఎలా ఉంది తాతా?" అంది.

తల ఊపాను.

జట్టు ఎంపిక ఇంకా కాలేదు. అయ్యాక రాస్తాను.

ఒక పని చెయ్యి. కోచ్ అమ్మాయి ఇప్పుడు నీ వీడియో తిరగేసి, నాది పక్కన పెట్టి, రెండూ కలిపి చూపిస్తోంది. ఒకేలా ఉన్నాయి. ఇద్దరిలో ఎవరు ఎవరిని చూసి నేర్చుకున్నారని పిల్లలు అడుగుతున్నారు. నేను చెబితే గొప్పలు అంటారు. "అసలు గోడ, నకలు నేను" అని నీ చేత్తో ఒక్క ముక్క రాసి పంపు, పిల్లలకి చదివి వినిపించాలి. కుడిచేత్తోనే రాయి. రేపటి టపాలోనే వెయ్యి, ఎదురుచూస్తుంటాను.

గోడ